తడికి పెట్టిన పేర్లు: ఇంగ్లీషు కన్నీరు, తెలుగు కంటతడి

కన్నీళ్లను, పొంగివచ్చే మనసును వర్ణించడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. మాడ్లిన్, లాక్రిమోస్, మాకిష్, సెంటిమెంటల్, వీపీ, సాపీ, మషీ, టియర్‌ఫుల్, టియర్‌జెర్కర్. ఈ వరుసలో టియర్‌ఫుల్ లాంటి ఒకటి రెండిటిని పక్కన పెడితే మిగిలినవన్నీ ఏడ్చేవారి మీద ఏదో ఒక నేరం మోపేవే. ఇంత ఏడుపు అవసరమా, ఇది నిజమేనా, చూసేవాళ్లకు వెగటు కాదా అని ఆ మాటల్లోనే ఒక నిలదీత ఉంటుంది. తెలుగు మాటలు మరోచోట మొదలవుతాయి. ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో, బయటికి ఎలా వినిపిస్తోందో ముందు చెబుతాయి. తీర్పు తర్వాతి సంగతి. ఈ రెండు పదజాలాలూ విశాఖపట్నంలో నూరేళ్లకు పైగా పక్కపక్కనే బతుకుతున్నాయి. కాలేజీ క్లాసులో, కవిత్వంలో, సినిమా హాల్లో, ఆఖరికి ఉక్కు కర్మాగారం గేటు ముందు కూడా.

ఇంగ్లీషు మాటల్లో కథ ఎక్కువగా ఉన్నది మాడ్లిన్. ఇది ఒక స్త్రీ పేరు. తెలుగు బైబిలు చదివేవారు ఆమెను మగ్దలేనే మరియగా ఎరుగుదురు. యేసు సమాధి దగ్గర ఆమె నిలబడి ఏడ్చిందని యోహాను సువార్త చెబుతుంది. కన్నీళ్లతో యేసు పాదాలు తడిపి, తలవెంట్రుకలతో తుడిచిన మరో స్త్రీ కథ లూకా సువార్తలో ఉంది. క్రీ.శ. 591లో పోప్ గ్రెగరీ ఇద్దరినీ ఒక్కరిగానే భావించి బోధించాడు. అప్పటినుంచి పశ్చిమ ఐరోపా చిత్రకారులు ఆమెను ఎర్రబడ్డ కళ్లతో, చెంపల మీద నీళ్లతో గీస్తూ వచ్చారు. ఆమె పేరు ఇంగ్లీషు నోట నలిగి మాడ్లిన్ అయింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆమె పేరిట ఉన్న కాలేజీలను ఇప్పటికీ అలాగే పలుకుతారు. 1592లో థామస్ నాష్ అనే రచయిత తాగుబోతులను ఎనిమిది రకాలుగా విడదీసి, అందులో ఒక రకాన్ని మాడ్లిన్ అన్నాడు: తాగిన మైకంలో ఎదుటివాడి మీద ప్రేమ ముంచుకొచ్చి ఏడ్చేవాడు. అలా ఒక భక్తురాలి కన్నీరు సారా కొట్టులోని ఏడుపుకు పేరైపోయింది. ఇప్పుడు ఆ మాట విన్నవారికి సమాధి గుర్తుకు రాదు, సీసా గుర్తుకొస్తుంది. పవిత్రమైన దుఃఖానికి ఒక భాష చేసిన ఇంత పెద్ద అన్యాయం మరొకటి కనిపించదు.

మనిషి పేరు ఇలా మాటగా మారడం తెలుగులోనూ జరిగింది. 1917లో అచ్చయిన శరత్‌చంద్రుడి బెంగాలీ నవల ‘దేవదాస్’ 1953లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించగా, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు తెర మీదికి వచ్చింది. ఆ తర్వాత దేవదాసు అన్నది ఒక పాత్ర పేరుగా మాత్రమే ఉండిపోలేదు. గడ్డం మాసి, అన్నం మాని, ఎవరికోసమో కుమిలిపోయే కుర్రాడిని చూసి ‘దేవదాసులా తయారయ్యాడు’ అంటారు. ఆటపట్టించడానికే అన్నా ఆ మాటలో అసహ్యం ఉండదు. ‘పాపం’ అన్నది దాని వెనకాలే వస్తుంది. మాడ్లిన్‌లోనూ సీసా ఉంది, దేవదాసులోనూ సీసా ఉంది. మొదటి మాట తాగినవాడి ఏడుపును చూస్తుంది, రెండోది ఆ ఏడుపు వెనక ఉన్న ప్రేయసి పార్వతిని కూడా చూస్తుంది. మాడ్లిన్‌ను ‘తాగుబోతు ఏడుపు’ అని తెనిగిస్తే అర్థం సరిపోతుంది గానీ, ఇంగ్లీషు మాటలోని చిన్నచూపు తెలుగులో అంత గట్టిగా పలకదు.

లాక్రిమోస్‌లో వేళాకోళం తక్కువ, పాండిత్యం ఎక్కువ. లాటిన్‌లో లాక్రిమా అంటే కన్నీటి చుక్క. దాని పాత రూపం డాక్రుమా. గ్రీకు డాక్రు, ఇంగ్లీషు టియర్ ఆ కుటుంబానివే. సంస్కృత అశ్రువును కూడా చాలామంది భాషాశాస్త్రవేత్తలు ఆ కుదురులోనే చేరుస్తారు. కాబట్టి పత్రికల్లో ‘అశ్రునివాళి’ అని రాసే ఉపసంపాదకుడూ, లాక్రిమోస్ అని రాసే ఇంగ్లీషు సమీక్షకుడూ ఒకే పాత మాటను రెండు దారుల్లో అందుకున్నవారు. కంటి డాక్టర్లు లాక్రిమల్ అనే గ్రంథి తెలుగు పాఠ్యపుస్తకాల్లో అశ్రుగ్రంథి. శాస్త్రంలో అది శుభ్రమైన మాటే. అదే మాట సాహిత్య విమర్శలోకి వచ్చేసరికి, అస్తమానం కన్నీళ్లు కార్చే రచన అన్న ఎత్తిపొడుపు అవుతుంది.

మాకిష్ పుట్టుక మరీ ఘోరం. పాత ఇంగ్లీషు మాండలికంలో మాక్ అంటే పురుగు. పురుగు పట్టిన తిండిని చూసినప్పటి వికారం దాని మొదటి అర్థం. ఆ వికారమే తర్వాత అతి తీపి భావాల మీదికి మళ్లింది. దీనికి తెలుగులో దగ్గరి మాట ‘వెగటు’. వెగటు కూడా నాలుకకు సంబంధించినదే. బెల్లం పాకం ఎక్కువైతే వెగటు, పొగడ్త ఎక్కువైతే వెగటు. ఇక్కడ మాత్రం రెండు భాషలకూ ఒకే అనుభవం దొరికింది. ష్మాల్ట్స్ అన్నది యూదుల యిడ్డిష్ నుంచి అమెరికాకు వచ్చింది. కరిగించి తీసిన కోడి కొవ్వు అని దాని అర్థం. సాపీ అంటే నానిపోయినది, మషీ అంటే మెత్తగా గుజ్జయినది. వెట్ అంటే తడిసినదే గాక చేతకానివాడు కూడా. ఇవన్నీ ఒక ఊహ చుట్టూనే తిరుగుతాయి: మనిషి గట్టిగా, పొడిగా ఉండాలి, తడిస్తే పాడైపోతాడు.

సెంటిమెంటల్ ఇలా చెడ్డమాటగా పుట్టలేదు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ అది లండన్ పెద్దింటి వారి నోట ఫ్యాషన్‌గా తిరిగింది. 1749లో లేడీ బ్రాడ్‌షా అనే పాఠకురాలు నవలాకారుడు రిచర్డ్‌సన్‌కు ఉత్తరం రాసి, అందరూ వాడుతున్న ఈ మాటకు అర్థమేమిటని అడిగింది. 1768లో లారెన్స్ స్టెర్న్ తన ప్రయాణ నవల పేరులోనే దాన్ని పెట్టాడు. ఆ నవలను జర్మన్‌లోకి మార్చేటప్పుడు సరిపోయే మాట దొరక్కపోతే లెస్సింగ్ ‘ఎంప్‌ఫిండ్‌జామ్’ అన్న మాటను సూచించాడు. అప్పట్లో సున్నితమైన మనసు ఉండటం గొప్ప. 1771లో వచ్చిన హెన్రీ మెకెంజీ నవల ‘ది మ్యాన్ ఆఫ్ ఫీలింగ్’లో నాయకుడు ఎదురైన ప్రతి దీనుడి కోసం ఏడుస్తాడు. పాఠకులు కూడా ఏడ్చి, ఏడ్చినందుకు సంతోషించారు. నూరేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 1886లో హెన్రీ మోర్లీ ఆ నవలను మళ్లీ అచ్చువేస్తూ, ఏ పేజీలో ఎవరి కన్నీళ్లు కారాయో చూపే ఒక సూచిక చేర్చాడు. పుస్తకాల్లో వ్యక్తుల పేర్లకు, ఊళ్ల పేర్లకు సూచికలు ఉండటం మామూలే. కన్నీళ్లకు పేజీ నంబర్లు వేయడంతో ఒక యుగం మనసు మీద మరో యుగం నవ్వినట్టయింది. 1929లో ఐ.ఎ. రిచర్డ్స్ తన విమర్శ గ్రంథంలో సెంటిమెంటాలిటీకి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. ఇంగ్లీషు సాహిత్యాన్ని కాలేజీలో చదువుకున్నవారికి సెంటిమెంటాలిటీ మీద అనుమానం పాఠంతోపాటే అబ్బింది.

తెలుగు కన్నీటి మాటల్లో మొదటి గుంపు శరీరానిది. కళ్లు చెమర్చాయి, చెమ్మగిల్లాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు పూడుకుపోయింది, గుండె చెరువైంది, కడుపు తరుక్కుపోయింది. వీటిలో ‘చెమర్చు’ను దగ్గరగా చూడాలి. చెమట, చెమ్మ దాని చుట్టాలే. కళ్లు చెమర్చాయంటే కళ్లకు చెమట పట్టిందన్నంత పని. ఇంకా చుక్క రాలలేదు. రెప్ప అంచున తేమ చేరింది, ఆ మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. ఇంతా ఆ ఒక్క క్రియలో పట్టేస్తుంది. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం, అశ్రువు రెండూ ఉన్నాయి. స్వరభంగం కూడా ఆ పట్టికలోనిదే. ఆ శాస్త్రం ముట్టుకోని పల్లెల్లోనూ చెమటనూ కన్నీటినీ ఒకే క్రియ కలిపింది.

కన్నీటికి భరతుడు చెప్పిన కారణాలు కూడా చూడదగినవి. దుఃఖం, ఆనందం, కోపం, భయం ఒక వైపు. పొగ, కాటుక, ఆవలింత, రెప్ప వాల్చకుండా చూడటం, చలి, జబ్బు మరో వైపు. పొయ్యి పొగనూ గుండె బాధనూ ఆయన ఒకే వరుసలో నిలబెట్టాడు, దేనినీ తక్కువ చేయలేదు. ఆనందబాష్పాలు అన్న సమాసం ఈ చూపు ఉన్నచోటే పుడుతుంది. బాష్పం అంటే సంస్కృతంలో కన్నీరు, ఆవిరి కూడా. బడి పిల్లలు సైన్సు పుస్తకంలో బాష్పీభవనం చదువుతారు. వాళ్ల అమ్మమ్మ మనవరాలి పెళ్లిలో ఆనందబాష్పాలు రాలుస్తుంది. పోలీసులు గుంపు మీద బాష్పవాయువు ప్రయోగించారని పత్రిక రాస్తుంది. ఆ వాయువు కన్నీరూ తెప్పిస్తుంది, పొగలా కమ్ముకుంటుంది కూడా. ఆ పేరు పెట్టినవారెవరో గానీ మాటకున్న రెండు అర్థాలనూ ఒక్క దెబ్బకు పనిలో పెట్టారు.

రెండో గుంపు ధ్వనిది. వెక్కి వెక్కి, వలవల, భోరున, బావురుమని, కుళ్లి కుళ్లి. వెక్కి వెక్కి ఏడ్చేది లోపలికి పీల్చుకునే ఏడుపు. భోరున ఏడ్చేది బయటికి తెగిపడే ఏడుపు. బావురుమనడంలో చుట్టూ ఎవరూ లేని ఖాళీ ఉంది, అందుకే ఇల్లు కూడా బావురుమంటుంది. చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి, పోయినవారి గుణాలను వరసపెట్టి చెప్పుకుంటూ ఏడవడాన్ని శోకాలు పెట్టడం అంటారు. ఉత్తరాంధ్ర ఊళ్లలో అది ‘ఓలమ్మో’ అన్న పిలుపుతో మొదలై, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకునే కట్టుబాటున్న పని. ఐర్లండ్‌లో ఇలాంటి ఆచారం ఉండేది. అక్కడి నుంచే ఇంగ్లీషుకు కీనింగ్ అన్న మాట వచ్చింది. తనలో ఆ ఆచారం నిలవని భాష దాని పేరును పక్క భాష నుంచి తెచ్చుకుంది.

పత్రికా తెలుగు ఈ మాటలకు మెట్లు కట్టింది. కళ్లు చెమర్చడం కింది మెట్టు. దాని పైన కంటతడి పెట్టడం, ఇంకా పైన కన్నీటి పర్యంతం కావడం, అన్నిటికన్నా పైన కన్నీరుమున్నీరు కావడం. మున్నీరు అంటే సముద్రం. వాడుకలో ఆ మాట ఒంటరిగా ఎప్పుడో చచ్చిపోయింది. కన్నీటి పక్కన చేరి మాత్రం ఇంకా బతికే ఉంది. విశాఖ రామకృష్ణా బీచ్ ఒడ్డున నిలబడి ఎవరూ ‘మున్నీరు చూడటానికి వచ్చాం’ అనరు. ఆ బీచ్‌లో బిడ్డను అలకు పోగొట్టుకున్న తల్లి గురించి రాసేటప్పుడు మాత్రం విలేఖరి చేతికి ఆ పాత మాటే వస్తుంది.

తెలుగులో ఏడ్చేవారి మీద తీర్పులు లేవని కాదు. అవి ఏడుపు అన్న మాట చుట్టూ ఉన్నాయి. ఏడుపుగొట్టు, ఏడుపుమొహం, దొంగేడుపు. ఏడుపు అంటే అసూయ కూడా. రేవులోకి వెళ్లే లారీల వెనక ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాసి ఉంటుంది. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందన్న సామెత ఆలస్యాన్ని పట్టుకుంటుంది. ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదన్న సామెత మగవాడి నోరు కట్టేస్తుంది. ఆ సామెత ఎందరు మగవాళ్ల దుఃఖాన్ని బీపీగా మార్చిందో తలచుకుంటే బాధేస్తుంది. కానీ ఈ నింద కన్నీటి దాకా పోదు. మొసలి కన్నీరు ఒక్కటి తప్ప, కన్నీరు అన్న మాట చేరిన చోట తెలుగు గౌరవంగానే మాట్లాడుతుంది. తడి అన్న మాటకైతే ఇంకా ఎత్తైన చోటు ఉంది. మనసులో తడి ఉన్న మనిషి మంచి మనిషి. రాసినదాంట్లో తడి ఉందంటే అది మెప్పు. తడి ఆరిపోయినవాడు పనికిరాడు. ఇంగ్లీషులో వెట్ తిట్టు, తెలుగులో పొడి తిట్టు. ఇంగ్లీషు సమీక్షలను తెనిగించేవారు మొదట జారిపడేది ఇక్కడే. సాపీ అన్న మాటను ‘తడిసిన’ అని రాస్తే నిందకు బదులు పొగడ్త మిగులుతుంది.

దుఃఖాన్ని తప్పుగా కాకుండా విధిగా చూసిన సందర్భం పెళ్లిలో అప్పగింతలు. పళ్లెంలో పాలు పోసి, పెళ్లికూతురి అరచేతులు ఆ పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెడతారు. పాలు మోచేతుల మీదుగా కారుతుంటాయి. తల్లి పెదవులు బిగపట్టి ఉంటుంది. సన్నాయి కాసేపు తగ్గుతుంది. ఆ క్షణంలో అక్కడున్నవాళ్లలో ఏడవనివారిని చూసే అందరూ అనుమానిస్తారు. మాడ్లిన్, మాకిష్ అన్న మాటలకు ఆ పందిట్లో చోటు లేదు.

సాహిత్యంలో ఈ రెండు చూపులు ఢీకొన్నది భావకవిత్వం దగ్గర. 1925లో దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చింది. వియోగం, ఒంటరితనం, కన్నీరు అందులో ప్రాణవాయువులు. యువకులు ఆ పద్యాలను కంఠస్థం చేశారు. కొందరు ఏడుపు కవిత్వమని ఎగతాళి చేశారు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు ఆ ధోరణిని కూడా వదల్లేదు. ఇంగ్లీషు రొమాంటిక్ కవులను చదివి ఆనందించిన తరం, ఇంగ్లీషు విమర్శకులు సెంటిమెంటాలిటీ మీద పెంచిన అనుమానాన్నీ వెంట తెచ్చుకుంది. కృష్ణశాస్త్రి కన్నీటిని ఆ కొలబద్దతో కొలవడం అన్యాయమే. ఆయన శోకం మెకెంజీ నాయకుడిలా కనిపించినవారందరి కోసం కారినది కాదు. ఒకే వెలితి చుట్టూ తిరిగి తిరిగి శ్రుతి తప్పని శోకం అది.

1910లో విశాఖపట్నంలోనే పుట్టిన శ్రీశ్రీ కూడా ఆ కవిత్వం నుంచే బయలుదేరాడు. 1928లో వచ్చిన అతని తొలి పుస్తకం ‘ప్రభవ’ మీద భావకవిత్వం నీడ ఉంది. 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’ నాటికి కన్నీరు అతని దగ్గర ఎండిపోలేదు, వేడెక్కింది. ఆ పుస్తకానికి యోగ్యతాపత్రం రాసిన చలం, కృష్ణశాస్త్రికీ శ్రీశ్రీకీ ఉన్న తేడాను ఎవరి బాధ ఎవరిదవుతోంది అన్న ప్రశ్నతో తూచాడు. భరతుడి జాబితాలో కన్నీటికి కోపం కూడా ఒక కారణమేనని గుర్తు చేసుకుంటే శ్రీశ్రీ కన్నీరు ఏ గడిలోదో తెలుస్తుంది.

రావిశాస్త్రిగా పేరుపడ్డ రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో ప్లీడరు. మద్యనిషేధం నాటి కోర్టులనూ, పోలీసులనూ, పేదలనూ దగ్గరి నుంచి చూసి ‘ఆరు సారా కథలు’ రాశాడు. సారా, కన్నీరు కలిసిన చోటే మాడ్లిన్ పుట్టిందని పైన చూశాం. ఆ రెండూ పుష్కలంగా ఉన్న లోకాన్ని తీసుకుని రావిశాస్త్రి పాఠకుణ్ణి ఏడవమని బతిమాలడు. ఉత్తరాంధ్ర నుడికారంలో, ఉపమ మీద ఉపమ పేర్చి నవ్విస్తూ పోతాడు. కథ మూసేసిన తర్వాత ఎప్పుడో గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తెలుగు వచనంలో తడిని ఇంత నేర్పుగా దాచినవారు తక్కువ.

సెంటిమెంట్ అన్న మాట తెలుగులోకి వచ్చాక పడిన తోవ వేరు. సినిమా వ్యాపారం దాన్ని సరుకు పేరు చేసింది: మదర్ సెంటిమెంట్, సిస్టర్ సెంటిమెంట్, పుట్టింటి సెంటిమెంట్. 1962లో ఎన్టీఆర్, సావిత్రి అన్నాచెల్లెళ్లుగా వచ్చిన ‘రక్తసంబంధం’, 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’ ఈ కోవలో జనం ఇప్పటికీ చెప్పుకునేవి. ‘సెంటిమెంట్ పండింది’ అంటే సినిమా ఆడుతుందని అర్థం. పండింది అన్న క్రియ పొలంలోది. ఇంగ్లీషులో వెగటు పుట్టించే గుణం తెలుగులో పంట అయింది. అదే మాట శకునం మీదికీ పాకింది. ‘ఆ నంబరు బండి నాకు సెంటిమెంటు’ అంటే అది కలిసొస్తుందన్న నమ్మకం. షేర్ల పేజీలో మార్కెట్ సెంటిమెంట్ ఉంటుంది. బహువచనంలో తెలుగు చేసి మనోభావాలు అన్నారో, అవి వెంటనే దెబ్బతింటాయి.

విశాఖలో సెంటిమెంట్ అన్న మాటకు ఇంకో బరువు కూడా ఉంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో కన్నీటి మాట ఏదీ లేదు. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నవంబరులో కాల్పులు జరిగాయి. ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970లో పార్లమెంటులో ప్రకటన వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు భూములిచ్చాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, చర్చల్లో పదేపదే వినిపించిన మాట సెంటిమెంట్. ‘ఇది ఆంధ్రుల సెంటిమెంట్’ అని అడ్డుకునేవారు అన్నారు. ‘సెంటిమెంట్‌తో ఫ్యాక్టరీ నడవదు’ అని అమ్మాలనేవారు అన్నారు. మొదటివారు తెలుగు సెంటిమెంట్‌ను వాడారు, రెండోవారు ఇంగ్లీషు సెంటిమెంట్‌ను. ఒకే మాటతో రెండు వైపులా వాదించుకుంటున్నట్టు కనిపించింది గానీ అవి రెండు వేర్వేరు మాటలు. ఈ తగవులో నష్టపోయింది హక్కు అన్న మాట. హక్కును సెంటిమెంట్ అని పిలిచినప్పుడు లెక్కా పత్రమూ ఉన్న వాదన కాస్తా కళ్లు తుడుచుకునే వ్యవహారంగా మారుతుంది. నిర్వాసిత గ్రామస్థుడి భూమి సర్వే నంబరు ఒక పత్రం. దాన్ని మనసులోని తడిగా మాత్రమే చూడటం అతనికి చేసే మర్యాద కాదు.

కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు నంబర్లతోపాటు పేర్లూ ఉన్నాయి. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. ఇనుము కరిగి పారే చోటుకు రెండు నదుల పేర్లు, ఒక తల్లి పేరు పెట్టారు. 2024లో మూడింటిలో ఒక్కటి మాత్రమే నడిచిన రోజులు వచ్చాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఫర్నేసు ఆగిన రోజుల్లో ‘అన్నపూర్ణ ఆగిపోయింది’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేవారు బ్లాస్ట్ ఫర్నేస్ నంబర్ త్రీ అనే రాస్తారు. తెలుగులో అదే వాక్యం చదివిన కర్మాగారానికి దగ్గరి గాజువాక ఇల్లాలికి ముందు వినిపించేది వంటింట్లో పొయ్యి ఆరిన సంగతి.